మేలిజాతి కాఫీయు దాని తెగులును



నేను చదివినది సంస్కృతము. బడిలో చెప్పినది తెలుగు. వ్యవసాయము నా విద్య కాదు. అయినను ఈ దినమున కాఫీచెట్టును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు కారణమొకటి కలదు. గడచిన మార్గశిరమాసములో నా పూర్వశిష్యుడొకడు పాడేరు మన్యమునుండి మా యింటికి వచ్చెను. చేతిసంచిలో తన తోటలో పండిన కాఫీగింజలు తెచ్చి నా ముందుంచి, నమస్కరించి కూర్చుండెను. యోగక్షేమములు ముగిసిన పిమ్మట అతడు నన్ను అడిగిన ప్రశ్న యిది: “మాస్టారూ, మా నాయన నాటిన కాఫీ ఇది. రుచికి దీనిని మించినది మా చుట్టుపట్ల లేదందురు. కాని ఏటేటా తెగులు. అంతయు నరికివేసి తెగులు తట్టుకొను కొత్త జాతి నాటుమని కొందరు చెప్పుచున్నారు. నరుకుదునా, ఉంచుదునా?”

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఈ విషయమున నేను ఆ కుటుంబమునకు ఋణపడి యున్నవాడను. ఆ సంగతి ముందు చెప్పవలెను.

1991వ సంవత్సరమున నేను ఆ మన్యములో ఉపాధ్యాయుడుగా నుంటిని. భాద్రపదమాసములో ఒకనాటి సాయంకాలము ఈ శిష్యుని తండ్రి నాలుగు కాఫీ ఆకులు కోసి నా వద్దకు తెచ్చెను. ఆకు మీదివైపున పసుపుపచ్చని మచ్చలు. అడుగువైపున ఆ మచ్చలకు సరిగా కుంకుమ చల్లినట్లు నారింజవన్నె పొడి. “బాబూ, ఇదేమి? ఆకు రాలిపోవుచున్నది” అని అడిగెను. నాకు తెలియదు. తెలియదని చెప్పియుండిన ఏ హానియు లేకపోయెడిది. కాని పంతులు నోట తెలియదను మాట రాదు గదా! “ఇది పుప్పొడి వంటిది, వానలు వెలిసిన పోవును. ఆకు రాలుట ఎరువు చాలమిచేత” అని చెప్పితిని. చదువుకొన్నవాడు చెప్పెనని ఆయన నమ్మెను. ఉన్న డబ్బు పెట్టి ఎరువు తోలించెను. మార్గశిరము నాటికి చెట్లు మోడులై నిలిచెను. కాయ పండకయే నల్లబడెను. మరుసటి ఏడు కాపు లేదు. ఎద్దులను అమ్ముకొనెను. ఆయన నన్ను ఒక్కమాటయు అనలేదు. ఆ ఏటి సంక్రాంతికి కూడ యథాప్రకారము మా యింటికి గుమ్మడికాయ పంపెను. ఆయన నేడు లేరు. ఆయన కుమారుడే ఈ ప్రశ్న తెచ్చినవాడు.

కావున ఈసారి తెలిసికొనకుండ చెప్పరాదని నిశ్చయించుకొని, “నాయనా, నాకు రెండు నెలలు గడువిమ్ము” అంటిని. ఆ రెండు నెలలలో చదివి తెలిసికొన్న చరిత్రయే ఈ ప్రసంగము.

కాఫీ మన దేశపు చెట్టు కాదు. మనము మేలిజాతి యని చెప్పుకొను అరబికా కాఫీకి పుట్టినిల్లు ఇథియోపియా దేశపు కొండ అడవులు. అక్కడనుండి ఎర్రసముద్రము దాటి యెమెను దేశమునకు వచ్చి, అక్కడ తోటపంటయైనది. పదునేడవ శతాబ్దమున బాబాబుదన్ అను ఫకీరు యెమెనునుండి ఏడు గింజలు తెచ్చి, మైసూరు దేశములో చిక్కమగళూరు దాపునగల కొండలపై నాటెనని పెద్దలు చెప్పుదురు. ఆ కొండలకు నేటికిని ఆయన పేరే. ఆ తరువాత డచ్చివారు 1696లోను 1699లోను మలబారు తీరమునుండి కాఫీమొక్కలను జావా ద్వీపమునకు కొనిపోయిరి. జావానుండి 1706లో ఆమ్‌స్టర్‌డాం నగరపు వనమునకు మొక్క చేరెను. దాని సంతానములోని ఒక మొక్కను 1714లో ఫ్రాన్సు రాజునకు కానుక యిచ్చిరి. అమెరికా ఖండమున వ్యాపించిన కాఫీలో విశేషభాగము ఈ కొద్దిపాటి మొక్కల సంతతియే.

దీనినుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. అరబికా పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టును. పైగా మూలపురుషులు కొద్దిపాటి మొక్కలే. అనగా లోకములోని తోటలన్నియు దాదాపు ఏకగోత్రములు. మన పెద్దలు సగోత్రవివాహమును నిషేధించిన కారణమేదైనను, చెట్లయందు ఏకగోత్రమునకు కీడు కలదు. ఒక చెట్టునకు ఏ తెగులు పట్టునో, కోటి చెట్లకును అదియే పట్టును.

ఈ కీడు మొదట బయటపడినది సింహళద్వీపమున. ఆ ద్వీపములో ఆంగ్లేయులు 1830 తరువాత కొండ అడవులను నరికి, తగులబెట్టి, నీడచెట్టు మిగులకుండ కొండ వెంబడి కొండ కాఫీ నాటిరి. తమిళదేశమునుండి వేలాది కూలీలు పడవలపైని, అడవి త్రోవల కాలినడకను పోయి ఆ తోటలలో పనిచేసిరి. 1870 ప్రాంతమున ఆ ద్వీపమునుండి ఏటికి 10 కోట్ల పౌనులకు మించిన కాఫీ ఎగుమతి యగుచుండెను.

1869లో మదుల్సీమ అనుచోట కొన్ని చెట్ల ఆకుల అడుగున నారింజవన్నె పొడి కనబడెను. పేరాదెనియ వనమునకు అధికారిగా నున్న థ్వెయిట్సు దొర ఆ ఆకులను ఇంగ్లాండునకు పంపెను. బర్క్‌లీ అను పండితుడు వానిని సూక్ష్మదర్శినిలో చూచి ఇది ఒక జాతి శిలీంధ్రమని, అనగా బూజు వంటి జీవమని తేల్చి, దానికి హెమిలియా వాస్టాట్రిక్సు అని పేరిడెను. మొదటిమాటకు సగము నున్ననిది అని అర్థము. ఆ పొడి రేణువు ఒకవైపు నున్నగాను, వేరొకవైపు గరుకుగాను ఉండును. రెండవమాటకు సర్వనాశనము చేయునది అని అర్థము. పేరు పెట్టిననాటికి అది కొలది చెట్లకు పట్టిన తెగులు మాత్రమే. పదిపదునైదేండ్లలో ఆ పేరు సార్థకమయ్యెను.

తోటదొరలు మొదట దీనిని లెక్కచేయలేదు. ఒక ఏడు కాపు తగ్గినను మరుసటి ఏడు కొంత తేరుకొనుచుండెను, ధరలు బాగుండెను. నేను మన్యములో చెప్పినమాటయే వారును చెప్పుకొనిరి: ఎరువు చాలదు, వానలు సరిగా లేవు, నేల అలసినది అని. తెగులు వ్యాపించుచుండగనే ఇంకను కొత్త కొండలు నరికి కాఫీ నాటిరి. 1878 నాటికి తోటల విస్తీర్ణము సుమారు 2,75,000 ఎకరములకు పెరిగెను. కాపు మాత్రము దిగిపోవుచుండెను.

1880లో మార్షల్ వార్డు అను యువకుని ప్రభుత్వమువారు ఆ ద్వీపమునకు పంపిరి. అప్పటికి ఆయనకు ముప్పదియేండ్లు నిండలేదు. ఆయన రెండేండ్లు అక్కడ నుండి చేసిన పని చిరస్మరణీయము. ఆ పొడి గాలిలో ఎగిరిపోవుచున్నదని, గాజుపలకలు తోటలో కట్టి వానిపై రేణువులను పట్టి చూపెను. ఆకుమీద నీటిబొట్టు నిలిచినప్పుడే రేణువు మొలకెత్తునని, ఆ మొలక ఆకు అడుగున ఊపిరి పీల్చు సన్నని రంధ్రములగుండ లోనికి దూరునని, కొన్ని వారములకు మరల పొడియై బయటికి వచ్చునని క్రమముగా నిరూపించెను. ఆకు లేనిదే చెట్టునకు ఆహారము లేదు; ఆకు రాలిన చెట్టు ఆ ఏటి కాయను పండింపలేదు, మరుసటి ఏటి కొమ్మను పెంచలేదు. ఇదియే మా శిష్యుని తండ్రి తోటలో జరిగినది. తెరపి లేకుండ ఒకేజాతి చెట్టును కొండలకొలది నాటుటయే తెగులునకు రాజమార్గము వేయుట అని వార్డు స్పష్టముగా వ్రాసెను. కాని మందు చెప్పలేకపోయెను. మందు కోరినవారికి కారణము చెప్పిన వైద్యుని ఎవరు మెచ్చుదురు? 1882లో ఆయన మరలిపోయెను.

మందు మూడేండ్లకు ఫ్రాన్సు దేశమున దొరకెను. బోర్డో నగర ప్రాంతమున ద్రాక్షతోటలవారు, దారిన పోవువారు పండ్లు కోయకుండుటకై, బాటప్రక్క తీగలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లుచుండిరి. ఆ తీగలకు మాత్రము బూజు తెగులు పట్టకుండుట మిల్లార్డె అను ఆచార్యుడు గమనించి, పరీక్షించి, 1885లో ప్రకటించెను. దొంగలకై వేసినది తెగులునకు మందయ్యెను. నేటికిని మన రైతులు బోర్డో మిశ్రమమనునది యిదియే. కాని సింహళమునకు అది అందలేదు. 1884లోనే అక్కడి కాఫీకి అప్పులిచ్చిన ఓరియంటల్ బ్యాంకు మూతపడెను. తోటలు అమ్ముడుపోయెను. దొరలు సింకోనా నాటిరి. దాని ధర పడిపోయెను. పిమ్మట తేయాకు నాటిరి. 1900 నాటికి ఆ ద్వీపమున తేయాకు మూడు లక్షల ఎకరములకు మించెను. కాఫీ నామమాత్రముగా మిగిలెను. దొరలు పంట మార్చుకొనిరి గాని, పనిలేక నడిత్రోవను నిలిచిన కూలీల కష్టము లెక్కలకు ఎక్కలేదు.

ఇక మన దక్షిణదేశపు సంగతి. మైసూరు, కొడగు సీమలలో అప్పుడు చిక్ అను పాతజాతి కాఫీ ఉండెను. దానికి ముందుగా కాండము తొలుచు పురుగు వచ్చి 1865 తరువాత తోటలను ఎండగొట్టెను. మద్రాసు ప్రభుత్వమువారు బీడీ అను వైద్యుని విచారణకై పంపగా, అడవి నరికి ఎండకు విడిచిన తోటలలోనే పురుగు ప్రబలినదని, నీడ ఉంచవలెనని ఆయన నివేదించెను. అంతలో కుంకుమతెగులును వచ్చిపడెను. చిక్ కాఫీ క్షీణించెను. దానికి బదులు నాటిన కొడగుజాతియు కొంతకాలమునకు తెగులునకు లొంగెను. అయినను సింహళమునందువలె ఇక్కడ కాఫీ నశింపలేదు. ఇక్కడి వానకారు తరువాత పొడికాలము దీర్ఘమగుట ఒక కారణము. పెద్దచెట్ల నీడను ఉంచుకొనుట రెండవ కారణము. నీడ క్రింద చెట్టు శక్తికి మించి కాయదు. మించి కాయని చెట్టు తెగులును కొంత ఓర్చుకొనును.

1911 ప్రాంతమున మైసూరు సీమలో కెంటు అను తోటదొర, తెగులుతో మోడువారిన చెట్లమధ్య ఆకు నిలుపుకొన్న చెట్టును గుర్తించి దాని గింజలను నాటెను. అది కెంటు కాఫీ యని ప్రసిద్ధికెక్కెను. రుచియు మంచిది, తెగులును పట్టలేదు. ఇక భయము లేదని అందరు దానినే నాటిరి. కొన్నియేండ్లకు దానికిని కుంకుమ పట్టెను. ఇదేమి చోద్యము?

ఈ ముడి విప్పినచోటు బాలెహొన్నూరు. అక్కడ మైసూరు ప్రభుత్వమువారు 1925లో కాఫీ పరిశోధనశాలను స్థాపించిరి. అందు పనిచేసిన మేయిన్ అను శాస్త్రజ్ఞుడు, కుంకుమతెగులు ఒకటి కాదు, చూపునకు ఒక్కటిగా కనబడినను లోపల వేరువేరు తెగలు కలవని 1930 తరువాత కనుగొనెను. కెంటు చెట్టు ఒక తెగకు తలుపు మూసినది. రెండవ తెగకు మూయలేదు. అందరును కెంటు నాటుటచేత మొదటి తెగకు తిండి కరవై, రెండవ తెగకు విందు దొరకెను. తాళము మార్చిన దొంగ తాళపుచెవి మార్చును. ఈ మాట మరచినవారు పలుమారు మోసపోయిరి.

తరువాత ఆ పరిశోధనశాలవారు వేరొక ఉపాయము చేసిరి. లైబీరియా కాఫీ అను మోటుజాతి రక్తము సహజముగా కలిసిన ఒక అరబికా చెట్టునుండి ఎన్నుకొన్న సంతతిని కెంటుతో సంకరము చేసి, 1940 పడిలో ఎస్.795 అను జాతిని తోటలకిచ్చిరి. మోటుచుట్టము బలమును, కెంటు రుచిని అది పొందెను. చాలకాలము తెగులునకు ఎదురొడ్డెను. భారతదేశమున అన్నిటికంటె విస్తారముగా నాటిన అరబికా యిదియే. మా శిష్యుని తండ్రి నాటినదియు ఇదియే. కాని కాలక్రమమున దాని తాళమునకును చెవి దొరకెను. రుచి పోలేదు, రక్షణ సన్నగిల్లినది.

మరి మోటుజాతులమాట? రొబస్టా అను జాతికి కుంకుమతెగులు అంతగా పట్టదు. కాని అరబికా రుచి దానికి లేదు. తిమోరు ద్వీపమున అరబికాకు రొబస్టాకు తానుగా పుట్టిన సంకరమొకటి దొరకెను. దాని సంతతియే మన కావేరి, 2007లో విడుదలయైన చంద్రగిరి మొదలైనవి. వీనిలో కావేరికి ఇప్పటికే తెగులు తగిలినది. 1970లో ఈ తెగులు సముద్రము దాటి బ్రెజిలులో కనబడెను. 2012లో మధ్య అమెరికా దేశములలో ప్రబలి, లక్షలాది కూలీలకు పని లేకుండ చేసెను. కాబట్టి, ఈ జాతికి ఎన్నడును తెగులు రాదు అని చెప్పువాని మాట నమ్మదగినది కాదు. ఇప్పుడు రాలేదు అనుమాట మాత్రమే సత్యము.

మన మన్యమునకు కాఫీ 1898 ప్రాంతమున వచ్చినది. తూర్పుగోదావరి అడవులలో పాములేటి లోయయందు బ్రోడీ అను ఆంగ్లేయుడు మొదట నాటెనని చెప్పుదురు. స్వాతంత్ర్యము తరువాత అటవీశాఖవారును, పిమ్మట గిరిజనాభివృద్ధి సంస్థలును దానిని విస్తరింపజేసిరి. సిల్వరుఓకు నీడన, ఆ మ్రాను మీదనే మిరియపుతీగ ప్రాకించి, ఎకరము రెండెకరముల లెక్కన గిరిజనరైతులు పండించుచున్నారు. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళికసూచిక అను ప్రభుత్వపు గుర్తింపు లభించెను. ఆ పేరు నిలుచుట గింజ రుచిచేతనే. రుచి పోయిన పేరు నిలువదు. తెగులు తినివేసిన తోట పేరుతో బ్రతుకదు. మా శిష్యుని ప్రశ్నలో ఈ రెండును ఉన్నవి.

రెండు నెలలు నిండగనే నేను స్వయముగా వానియూరికి వెళ్లితిని. తోట అంతయు తిరిగి చూచితిమి. నేను చెప్పిన బదులు ఇది: “నాయనా, అంతయు నరుకవద్దు, అంతయు ఉంచవద్దు. దిగువ గెడ్డ ప్రక్కన ప్రొద్దెక్కినను మంచు విడువదు. అచ్చట ఆకు ఎప్పుడును తడియే. ఆ చెక్కలో తెగులు తట్టుకొను జాతిని నాటుము. మీదిచెక్కలో గాలి ఆడును. అక్కడ మీ నాయన చెట్లు ఉంచుము. కాని ఒక షరతు. మేలిజాతి పోషణ కోరును. పోషింపలేనినాడు దానిని ఉంచుట దానికిని నీకును అపకారము.”

ఆ పోషణ ఏమనగా, వానకారునకు ముందు నీడకొమ్మలను పలుచన చేయవలెను. చెట్టు నడుమ చిక్కిన రెమ్మలను తీసి వెలుతురు, గాలి ఆడనీయవలెను. వానలకు ముందొకసారి, వానలు వెనుకపట్టిన పిమ్మట ఒకసారి మందు చల్లవలెను. 1 కిలో మైలుతుత్తము, 1 కిలో మంచి సున్నము, మొత్తము 200 లీటర్ల నీరు. రెంటిని వేరువేరుగ కరగించి పిమ్మట కలుపవలెను, ఇనుపపాత్ర పనికిరాదు. కలిపినదానిలో మెరయు కత్తిని ముంచి చూడవలెను. కత్తిపై రాగిచాయ దిగిన ఇంకను సున్నము కావలెనని గుర్తు. ఆనాడు కలిపినది ఆనాడే చల్లవలెను. ముఖ్యముగా ఆకు అడుగున తగులవలెను. పైన చల్లి ఇంటికి పోయినవాడు తలుపు విడిచి గోడకు తాళము వేసినవాడు. ఇక పండినపండునే ఏరికోసి, ఆనాడే తోలు తీయవలెను. రుచికై ఇంతపాటు పడి, పచ్చికాయను కలిపి అమ్మిన ఫలమేమి?

చివరగా ఒక పుస్తకము కొనియిచ్చితిని. “మొదటి కుంకుమచుక్క ఏనాడు కనబడినది, ఏ చెక్కలో, మందు ఏనాడు చల్లినది, కూలి ఎంత, గింజకు ఏ చెక్కలో ఏ ధర పలికినది, అన్నియు వ్రాయుము. మూడేండ్లు వ్రాసిన తరువాత ఉంచవలెనో నరుకవలెనో నీ పుస్తకమే చెప్పును, ఈ పంతులు చెప్పనక్కరలేదు” అంటిని. అతడు నవ్వి, “మా నాయన మీ మాట తప్పని ఎన్నడును అనలేదు మాస్టారూ” అనెను. “ఆయన అనలేదు, అది తప్పే” అంటిని. ముప్పది యేండ్లకు పైగా చెప్పలేకపోయినమాట ఆ తోటలో చెప్పగలిగితిని.

గ్రామపెద్దలారా, మీలో పలువురు కాఫీ పండించువారు కాకపోవచ్చును. మీ పొలములలో సాంబమసూరి కలదు. అన్నము మేలైనది, అగ్గితెగులునకు, ఎండుతెగులునకు లోనగునది. అందరమును దానినే కోరుదుము, ఊరూర దానినే నాటుదుము. సింహళపు కొండల కథ మీ గట్లకు దూరము కాదు. మేలైనదానిని విడువనక్కరలేదు; దానినొక్కదానినే నమ్మవలదు. ఆకు తిప్పి అడుగు చూడుడు. తెలియనిదానిని తెలియదని చెప్పి, తెలిసినవారిని అడుగుడు. ఈ చివరిమాట పొలమునకే గాదు, బడికిని వర్తించును.